కొలిమివలస ఉగ్గుగిన్నెమ్మ

కొలిమివలస కొండవాలులో, కంచరి కొలుముల నుంచి తరతరాలుగా పారబోసిన నల్లటి చిట్టెం దిబ్బ మీద, ఉగ్గుగిన్నెమ్మ తల్లి కోవెల ఉంది. కొత్తగా వచ్చిన యాత్రికులు గర్భగుడి గడప దగ్గర నిలబడి అమ్మవారు ఎక్కడ అని వెతుక్కోవడం ఇక్కడ మామూలే. ఈ గుడిలో విగ్రహం లేదు. పసుపు బట్ట పరిచిన పీట మీద, అరచేతిలో ఇమిడిపోయే ఇత్తడి ఉగ్గుగిన్నె ఒకటి ఉంటుంది. దానికి మూత, మూత చుట్టూ లక్క, పాలు జారే కొమ్ముకు అడ్డంగా ఇత్తడి పోత. ఇంత చిన్న గిన్నెకు ఇంత గుడా అని ముక్కున వేలేసుకునేవారు కూడా, కథ విన్నాక ఆ గిన్నెకు చేతులెత్తి మొక్కుతారు.

పూర్వం ఇక్కడ కంచరివారు చెంబులూ గంటలూ పోతపోసి బతికేవారు. వారిలో గురవమ్మ అనే ఆమె, భర్త పోయాక కొలిమి ఆరనివ్వకుండా తానే తిత్తి పట్టి, మట్టి మూసలు కట్టి, మగవారికి దీటుగా పని చేసేది. ఆమెకు ముత్యాలు ఒక్కతే కూతురు. పురిటికి పుట్టింటికి వచ్చిన ముత్యాలు ఆడపిల్లను కన్నది. ఆ బిడ్డకు ఒక్క గుక్క పాలైనా ఇవ్వకుండానే, దాని ఏడుపు వింటూ వింటూ కన్నుమూసింది.

గురవమ్మ మనవరాలిని ఒళ్లో వేసుకుని, మేకపాలు పడుతూ దుఃఖాన్ని దిగమింగుకుంది. కానీ ముత్యాలు వెళ్లిపోలేదు. ఊళ్లో ఏ పసిబిడ్డ ఏడ్చినా తన బిడ్డే అనుకుని ఆ ఇంటికి పోయి, ఉయ్యాల మీదికి వంగి పాలు పట్టేది. ఆ పాలు తాగిన బిడ్డ ఒళ్లు చల్లబడేది. ఆ తర్వాత కన్నతల్లి రొమ్ము పట్టేది కాదు, రోజురోజుకూ వడిలిపోయేది. ముత్యాలుకు కీడు చేసే ఆలోచన లేదు. పాలివ్వాలన్న ఆరాటం ఒక్కటే ఆ పిచ్చితల్లికి మిగిలింది. మనవరాలి కోసం గురవమ్మ తన గడపకు ఇనుపగొలుసు కొట్టింది. సొంత కూతురు ఇల్లు చేరకుండా కొట్టిన గొలుసు అది.

భూతవైద్యులు వచ్చారు. వేపమండలు పట్టుకుని ముత్యాలును ఒక ఇంటి నుంచి తరిమితే, ఆమె పక్కింట్లో దూరేది. కూతురిని తరుముతున్న ఆ కేకలు వినలేక గురవమ్మ చెవులు మూసుకునేది. చివరకు ఊరి తల్లులందరూ వచ్చి, దీనికి నువ్వే దారి చూపాలని ఆమె కాళ్ల మీద పడ్డారు. మర్నాటి తెల్లవారుజామున ఇలవేల్పు కాళికాంబ గురవమ్మకు కలలో కనబడింది. తరిమితే ఆత్మ నిలవదని, ప్రేమగా పిలిస్తే వస్తుందని తల్లి చెప్పింది. పసిబిడ్డలున్న ప్రతి ఇంటి నుంచీ ఇత్తడి తెచ్చి ఉగ్గుగిన్నె పోయమంది. అందులో పాలు పోసి, సొంత బిడ్డ ఏడుపుతో పిలవమంది. ముత్యాలు వచ్చాక సందన్నది లేకుండా మూసెయ్యమని ఆజ్ఞాపించింది.

గురవమ్మ గిన్నె పోసింది. ఆ పూట మనవరాలికి పాలు పట్టకుండా, మిట్టమధ్యాహ్నం వేళ చిట్టెం దిబ్బ మీదికి ఎత్తుకొచ్చింది. ఆకలికి బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. గాలి లేకపోయినా గిన్నెలో పాలు కదిలాయి. గురవమ్మ మూత పెట్టి లక్క పోసింది, కొమ్ముకు మైనం అద్దింది. అప్పుడు ఆమె చేయి ఒక పొరపాటు చేసింది. గాలి పోయే దారి లేకపోతే పోతలో మూస పగిలిపోతుంది గనుక, కంచరివారు ప్రతి మూసకూ ఒక బెజ్జం ఉంచుతారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేసిన పని అది. దానికి తల్లి మనసు కూడా తోడైంది. లోపల తన కూతురికి ఊపిరాడాలి కదా అనుకుని, మైనంలో సూది మొనంత బెజ్జం విడిచిపెట్టింది.

ఊరు నిశ్చింతగా ఉంది. కాపలాలు మానేశారు. మర్నాడు పొరుగింటి అచ్చియ్యమ్మ ఉయ్యాల ఊపబోతే, కొడుకు చల్లగా తగిలాడు. పొద్దువాలేలోగా ఆ బిడ్డ దక్కకుండా పోయాడు.

బిడ్డను మట్టి చేసి వచ్చిన అచ్చియ్యమ్మ నేరుగా గురవమ్మ ఇంటికి వచ్చి గిన్నె చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు పట్టి చూస్తే బెజ్జం కనబడింది. గురవమ్మ తల ఎత్తలేకపోయింది. అచ్చియ్యమ్మ తిట్టలేదు, శపించలేదు. గిన్నెను ఆమె చేతిలో పెట్టి ఒక్కమాట అంది.

"పిల్లకి గాలాడాలని ఉంచేసినావు గదా ఒదినా. నీ తావున నానున్నా అదే సేద్దును. ఈపాలి మూసీయి."

మరునాడు గిన్నె మూత విప్పి కొత్తగా పాలు పోసి, మళ్లీ అదే దిబ్బ మీద గురవమ్మ మనవరాలిని ఆకలితో ఏడిపించారు. అచ్చియ్యమ్మే ఎత్తుకుంది. ఒకసారి మోసపోయిన ముత్యాలు ఇక రాదేమోనని అందరూ భయపడ్డారు. బిడ్డ ఏడుస్తుంటే ఆమె రాకుండా ఉండలేకపోయింది. పాలు కదలగానే గురవమ్మ మూత బిగించింది. కరిగించిన ఇత్తడిని కొమ్ము మీద తానే పోసింది. ఈసారి బెజ్జం ఉంచలేదు. పోశాక మాత్రం నేల మీద కూలబడి, ఊరంతా వినేలా ఏడ్చింది.

గిన్నె ఊరుకోలేదు. బిడ్డ ఏడ్చినప్పుడల్లా పీట మీద గిలగిలలాడేది. ఆ కదలిక చూడలేక అచ్చియ్యమ్మ దాన్ని తన ఒళ్లోకి తీసుకుని రొమ్ముకు అదుముకుంది. కొడుకు పోయినా ఆమె పాలు ఇంకా ఇంకిపోలేదు. రవిక తడిసి, ఆ పాలు గిన్నె మీద జారాయి. ముత్యాలు ఎవరి బిడ్డను తీసుకుపోయిందో, ఆ తల్లి ఒడిలోనే గిన్నె నిమ్మళించింది.

గురవమ్మ ఆ చిట్టెం దిబ్బ మీదనే కోవెల కట్టించింది. ఆమె మనవరాలే పెరిగి పెద్దదై తొలి పూజారిణి అయింది. నేటికీ పూజ ఆ ఇంటి ఆడవారిదే. పిల్లలకు తొలి ఉగ్గు ఇక్కడే పట్టడం ఈ ప్రాంతపు ఆచారం. బిడ్డకు కడుపు నిండాక తల్లి గిన్నె వైపు వంగి, "తాగిందే అమ్మీ, నువ్వు తొంగో" అని, ఇక నిద్రపొమ్మని చెప్పి రావాలి. అలా చెప్పిన ఇంటి బిడ్డలు పాలకు పేచీ పెట్టరనీ, ఒడి నిండుగా ఎదుగుతారనీ భక్తుల నమ్మకం.

గిన్నెను ముట్టుకునే అనుమతి మామూలు భక్తులకు లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వస్తే మాత్రం పూజారిణి హారతి ఆపి, గిన్నెను పీట మీద నుంచి దించి ఆమె ఒళ్లో పెడుతుంది. మిగిలిన భక్తులు బయట వేచి ఉంటారు. ఆమె తనంతట తాను తిరిగి ఇచ్చేదాకా ఎవరూ చేయి చాపరు.