బడి మూర

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి రెండు చేతులు. ఎవరికి మాత్రం ఉండవు అంటారేమో, కాస్త ఆగండి. అవి మామూలు చేతులు కావు. ఆయన నిలబడితే వేళ్ళు మోకాళ్ళను తాకేవి. అందుకే దీర్ఘబాహు మహారాజు అని పేరు. ఆస్థాన కవులకు ఆ చేతులంటే మహా ఇష్టం. పద్యం మొదలుపెడితే ముందు చేతులను పొగిడి, తీరిక ఉంటేనే ముఖం దాకా వెళ్ళేవారు.

ఆ రాజు ఏలే తుంగవరం రాజ్యంలో లింగోజు అనే స్థపతి ఉండేవాడు. కోటలూ మేడలూ గీసి కట్టించే పెద్ద మేస్త్రీని అప్పట్లో స్థపతి అనేవారు. లింగోజు కుటుంబంలో ఒక ఆచారం ఉంది. ఏ కట్టడం కట్టినా దాని యజమాని మూరతోనే కొలవాలి. మూర అంటే తెలుసుగా? మోచేతి నుంచి నడివేలి కొన దాకా ఎంతో, అంత.

రైతు ఇల్లు కట్టాలంటే రైతు చెయ్యి చాపించి, ఆ పొడవుకి ఒక టేకు కర్ర కోయించేవాడు లింగోజు. అదే మూరకోల. వర్తకుడి కొట్టుకైతే వర్తకుడి చెయ్యి. మెట్టు అర మూర, కిటికీ కింది గోడ రెండు మూరలు, గుమ్మం నాలుగున్నర మూరలు అనే లెక్క తాతలనాటిది. అది మారదు. మారేదల్లా చెయ్యి. అందుకే ఆ ఊళ్ళో ఎవరి ఇల్లు వాళ్ళకి కొలిచి కుట్టించుకున్న చొక్కాలా అమిరేది.

ఒకనాడు రాజు లింగోజును పిలిపించాడు.

"లింగోజూ, మన పిల్లలు పొద్దస్తమానం గేదెల వెంట తిరుగుతున్నారు. ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. ఊరూరా బడి కట్టిద్దామనుకుంటున్నాను. ముందు ఒకటి కట్టి చూపించు. బాగుంటే అలాంటివే నూరు కట్టిద్దాం."

"చిత్తం ప్రభూ. తమరు చెయ్యి చాపండి" అన్నాడు లింగోజు.

కట్టించేది రాజు. కాబట్టి యజమాని రాజే. ఇందులో ఆలోచించేందుకు ఏముంది అనుకున్నాడు. రాజు తన పొడవాటి చెయ్యి చాపాడు. కర్ర తెగింది. పని మొదలైంది.

ఏడాది తిరిగేసరికి బడి లేచింది. నల్లరాతి మెట్లు, చెక్కిన స్తంభాలు, నిలువెత్తు తలుపులు. చూసినవాళ్ళు నోరు తెరిచారు. మొదటిరోజు నలభైమంది పిల్లలు వచ్చారు. వాళ్ళలో అందరికన్నా చిన్నది పోలి, కుమ్మరి దాసన్న కూతురు. కొత్త పలక చంకలో పెట్టుకుని మెట్ల ముందు నిలబడింది.

రాజుగారి అర మూర అంటే పోలికి ఇంచుమించు ఒక మూర. కాలెత్తి చూసింది, అందలేదు. పలకను పై మెట్టు మీద పెట్టింది. రెండు చేతులూ ఆనించింది. మోకాలు వేసి ఎక్కింది. మళ్ళీ పలక, మళ్ళీ చేతులు, మళ్ళీ మోకాలు. తొమ్మిది మెట్లు ఎక్కి లోపలికి వచ్చేసరికి పలక మూల విరిగింది, మోకాలు చెక్కుకుపోయింది. తలుపు గడియ అందదు. కిటికీలోంచి చూద్దామంటే గోడే కనిపిస్తుంది. కుండలో నీళ్ళున్నాయి, కుండ మాత్రం ఆకాశంలో ఉంది.

లింగోజు ఆ రోజు స్తంభం పక్కనే నిలబడి చూశాడు. కొత్త కదా, అలవాటవుతుందిలే అనుకున్నాడు.

అలవాటు కాలేదు. నెల తిరిగేసరికి చిన్నవాళ్ళు మానేశారు. వాళ్ళను చూసి పెద్దవాళ్ళూ మానేశారు. రాజు చూడడానికి వచ్చిన రోజున బడిలో పేరయ్య పంతులుగారు, పదకొండు పావురాలు ఉన్నాయి.

"పిల్లలేరీ?" అన్నాడు రాజు.

"శ్రద్ధ లేదు ప్రభూ" అన్నాడు పంతులు.

"గుమ్మం మాత్రం ఏనుగు దూరేలా ఉంది" అన్నాడు మంత్రి. ఏనుగుల శాల కట్టించాలని ఆయనకి ఎప్పటినుంచో మనసు.

లింగోజు తల దించుకున్నాడు. ఇంటికి వెళ్ళి బాగా ఆలోచించాడు. రాజుగారు బడికి ఏడాదికి ఒకసారి వస్తారు. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉండేది పంతులుగారు. యజమాని ఆయనే. ఎంత పొరపాటు చేశాను అని నాలిక కరుచుకున్నాడు.

మర్నాడే పంతులుగారి చెయ్యి అడిగాడు. పేరయ్య పంతులు మురిసిపోయాడు. "నలభై ఏళ్ళు బెత్తం పట్టిన చెయ్యి ఇది. సరిగ్గా కొలువు" అని రెండుసార్లు చాపాడు.

పక్క వీధిలో రెండో బడి లేచింది. మొదటిదానికన్నా చాలా నయం. మెట్లు తగ్గాయి, గుమ్మం తగ్గింది. పంతులుగారి పీటకి ఎదురుగా పెద్ద కిటికీ. అక్కడ కూర్చుంటే ఆయనకి చల్లటి గాలి, చక్కటి వెలుగు. ఒక్క చూపులో నలభై తలలూ కనిపిస్తాయి. కానీ ఆ కిటికీకి పిల్లలు వీపు పెట్టి కూర్చోవాలి. వెలుగంతా పంతులుగారి మొహం మీద పడేది. పిల్లల పలకల మీద వాళ్ళ నీడే పడేది. నీళ్ళ కుండ పంతులుగారి చేతికి అందుతుంది. దాహం వేసినవాళ్ళు లేచి, అందరిముందూ అడిగి, ఆయన పోస్తే తాగాలి.

పోలి ఈసారి రెండు నెలలు వచ్చింది. తరువాత రాలేదు. ఒకరి తరువాత ఒకరు మిగతావాళ్ళూ జారుకున్నారు.

రాజుకి కోపం వచ్చింది. కోపంకన్నా బాధ ఎక్కువ వచ్చింది.

"ఇంకొక్కసారి చూస్తాను లింగోజూ. ఈసారి కూడా పిల్లలు నిలవకపోతే వాళ్ళకి చదువు రాసిపెట్టి లేదనుకుంటాను. నూరు బడుల కోసం తెప్పించిన రాయితో ఏనుగుల శాలలు కట్టిస్తాను. నువ్వు ఇక మూరకోల పట్టవద్దు."

మంత్రి మీసం దువ్వుకున్నాడు.

లింగోజు కోట దిగి కుమ్మరివీధి మీదుగా నడిచాడు. దాసన్న ఇంటి ముందు పోలి మట్టి తొక్కుతోంది. లేత పాదాలు మట్టిలో దిగబడుతున్నాయి.

"బడికి రావడం లేదేమే తల్లీ?"

"నాన్న వద్దన్నాడు తాతా. వెళ్ళినా మళ్ళీ వచ్చేస్తున్నావుగా, ఇక్కడే ఉండి పని నేర్చుకో అన్నాడు" అంది పోలి. తొక్కడం ఆపలేదు.

లింగోజు నడుస్తూ ఆలోచించాడు. తన కోల పోతే పోయింది, ముసలివాడు ఎలాగో బతుకుతాడు. కానీ ఇలాంటి పిల్లలు నూరు ఊళ్ళలో ఉన్నారు. తప్పు తనదో వాళ్ళదో తేలకుండానే వాళ్ళకి శిక్ష పడబోతోంది.

మర్నాడు పొద్దున్నే ఖాళీగా ఉన్న ఆ రెండో బడికి వెళ్ళాడు. అక్కడ బడి ఊడ్చే నూకమ్మ గోడలకి సున్నం వేస్తోంది. వేస్తూ సణుగుతోంది.

"ఏమైంది నూకమ్మా?"

"ఏం చెప్పమంటారు బాబూ. ఎన్నిసార్లు తెల్లగా చేసినా ఇదిగో, ఇక్కడే మాపేస్తారు ఈ పిల్లలు. పైన చూడండి, వేసిన సున్నం వేసినట్టే ఉంది. కింద మాత్రం నా ప్రాణం తీస్తారు."

లింగోజు చూశాడు. నిజమే. గోడ చుట్టూ, తన నడుము కన్నా కింద, పిల్లల చేతుల మరకలు పట్టీలా సాగిపోయాయి. వేళ్ళు, అరచేతులు, బలపం గీతలు. కిటికీ కింద సున్నం రాలిపోయి ఉంది. బయటికి చూడాలని ఎవరో కాలివేళ్ళు ఆనించి ఎగబాకిన గుంటలవి. పంతులుగారి గుర్తు ఒక్కచోటే ఉంది, పీట వెనక, వీపు ఆనే చోట. రాజుగారి గుర్తు ఎంత వెతికినా లేదు.

"నూకమ్మా, ఆ మరకలకి సున్నం వెయ్యకు" అన్నాడు.

"అదేం చోద్యం బాబూ?"

లింగోజు ఉత్తరీయం మడిచి, పిల్లలు కూర్చునే చోట నేల మీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఎన్నో కట్టాడు గానీ, ఏ కట్టడాన్నీ ఆ ఎత్తునుంచి చూడలేదు. ఎదురుగా ఎత్తైన పీట. నాలుగు పక్కలా గోడ. వెనక్కి తిరిగి తలెత్తితే, కిటికీలో ఆకాశం ముక్క మాత్రమే.

"ప్రతి ఇంటికీ యజమాని ఎవరని అడిగాను. ఇక్కడ అడగలేదు. నాకు తెలుసనుకున్నాను" అన్నాడు మెల్లగా. ఆయన కళ్ళు చెమర్చాయి. నూకమ్మ చూసీ చూడనట్టు సున్నం కలుపుకుంది.

ఆ సాయంత్రమే పిల్లలందర్నీ పిలిపించాడు. దాసన్నను బతిమాలి పోలినీ రప్పించాడు. నలభై చేతులు చాపించాడు.

"అయ్యా, నలభై చేతులకి నలభై మూరలు వచ్చాయి. దేన్ని కొయ్యమంటారు?" అన్నాడు కర్ర కోసే వడ్రంగి.

"అన్నిటికన్నా చిన్నదాన్ని. పెద్ద చెయ్యి కిందికి వంగి అందుకుంటుంది. చిన్న చెయ్యి పైకి సాగదు."

చిన్న చెయ్యి పోలిది. ఆ కోల వడ్రంగి గుప్పిట్లో ఆటవస్తువులా ఉంది.

మూడో బడి మొదలైంది. మెట్టు అర మూర, కిటికీ కింది గోడ రెండు మూరలు, గుమ్మం నాలుగున్నర. తాతలనాటి లెక్కే, పోలి చెయ్యి. కిటికీలు పిల్లలకి ఎడమపక్కన పెట్టించాడు, రాసే చేతి నీడ పలక మీద పడకుండా. నీళ్ళ కుండ అరుగును పిల్లల చేతికి దించాడు.

"కప్పు కూడా ఈ మూరతోనే కడితే లోపల ఉడికిపోతారయ్యా" అన్నాడు వడ్రంగి.

"కప్పు పిల్లలతో కాదు, ఎండతో మాట్లాడుతుంది. దానికి రాజుగారి మూరే పెట్టు. వేడి పైకి పోనీ" అన్నాడు లింగోజు.

గోడ చుట్టూ మరకలు పడే ఎత్తులో సున్నం మానేసి, మసి కలిపిన గచ్చు నున్నగా వేయించాడు. ఎలాగూ మాపుతారు, ఆ మాపేదేదో అక్షరాలతోనే మాపనీ అన్నాడు. ఆ మాట విని అందరికన్నా ముందు సంతోషించింది నూకమ్మ.

సంతోషించనిది పంతులుగారు ఒక్కరే. "నా నడుము సంగతేమిటయ్యా? గుమ్మం దగ్గర రోజూ వంగాలా?"

"పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. నడుముకి మంచిదే పంతులుగారూ" అన్నాడు లింగోజు.

బడి తెరిచి మూడు నెలలు గడిచాయి. రాజు వచ్చాడు. వెనక మంత్రి, కవులు, పరివారం. గుమ్మం చూడగానే మంత్రి అడ్డం నిలిచాడు.

"ప్రభూ, లోపలికి వెళ్ళాలంటే తమరు తల వంచాలి. తమరు ఇంతవరకు ఏ రాజుకీ తల వంచలేదు. ఇది తలుపు కాదు, అవమానం. ఏనుగుల శాలకి ముహూర్తం పెట్టించమంటారా?"

రాజు ముఖం ఎర్రబడింది.

అప్పుడే నీళ్ళు తాగడానికి లేచిన పోలి గుమ్మంలో ఎవరో ఆగిపోవడం చూసింది. ఎండకి కళ్ళు చిట్లించింది. కిరీటం చూసిందో లేదో గానీ, పొడుగు మాత్రం చూసింది.

"తల జాగ్రత్తండీ. పంతులుగారికి రోజూ తగులుతుంది" అని చెప్పి, తన నీళ్ళు తను ముంచుకుని తాగి, వెళ్ళిపోయింది.

రాజు కిరీటం తీసి మంత్రి చేతిలో పెట్టాడు. వంగాడు. లోపలికి వెళ్ళాడు.

ఎవరూ లేవలేదు. ఎవరూ చూడలేదు. నలభైమంది పిల్లలు గోడ చుట్టూ బారుగా కూర్చుని నల్లటి గచ్చు మీద రాసుకుంటున్నారు. పంతులుగారు వాళ్ళ మధ్య తిరుగుతూ, అందరి పక్కనా వంగి వంగి చూస్తున్నాడు. నడుమెత్తి నమస్కరించబోయిన ఆయన్ని రాజు చెయ్యెత్తి ఆపాడు. తనూ ఒక కిటికీ పక్కన నేల మీద కూర్చున్నాడు. అక్కడినుంచి పొలాలు కనిపించాయి, చెరకు గానుగ కనిపించింది, దూరంగా తన కోట కనిపించింది. తన కోట అంత చిన్నదని ఆయనకి అప్పటిదాకా తెలియదు.

"లింగోజూ, ఇది ఎవరి మూర?"

"యజమానిదే ప్రభూ."

"నా చెయ్యి ఇంతేనా?"

"తమరు కట్టించినవారు. పంతులుగారు చెప్పేవారు. యజమాని అదిగో, ఆవిడ" అని పోలిని చూపించాడు.

రాజు వెళ్ళి పోలి పక్కన కూర్చుని తన చెయ్యి చాపాడు. పోలి ఒకసారి చూసి, ఇది కొత్త ఆట కాబోలనుకుని, తన చెయ్యి ఆ చేతి మీద పెట్టింది. మోచెయ్యికి మోచెయ్యి ఆనించింది. ఆమె నడివేలు రాజు ముంచేతిలో సగం దాటి ఆగిపోయింది. కవులు ఇన్నేళ్ళు పొగిడిన చేతిని రాజు అప్పుడు మొదటిసారి కొలిచి చూసుకున్నాడు.

"మిగతా నూరు బడులకీ ఇదే పద్ధతి. ఏ ఊరి బడికి ఆ ఊరి చిన్న చెయ్యే మూర" అన్నాడు. ఆ మూరకి బడి మూర అని పేరు స్థిరపడింది.

బయటికి వచ్చేటప్పుడు రాజుకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తనే వంగాడు. ఆ ఏడు కవులు ఆయన చేతుల మీద పద్యాలు మానేసి, వంచిన తల మీద చెప్పారు.

ఏది ఎవరికోసం కడతామో, దాన్ని వాళ్ళ చేతితోనే కొలవాలి.