లైన్‌మన్ బూట్లు

ఆ వారమంతా కుళ్లాయప్పకు అన్నం సహించలేదు.

ధర్మవరంలో పట్టుచీరల అంగళ్ల వీధిలో అతనికో చిన్న గది ఉంది. లోపల రెండు కంప్యూటర్లు, బయట ‘ఇచ్చట ఇన్‌కంటాక్స్, జీఎస్టీ రిటర్నులు వేయబడును’ అని బోర్డు. చదువు అయిన ఏడాదే ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా పెట్టుకున్నాడు. లెక్కల్లో మహా చురుకు. షాపాయన అమ్మకాలు చెప్పి ఊపిరి పీల్చుకునేలోగా పన్నెంతో నోటితోనే చెప్పేస్తాడు. వీధిలో సగం షాపులు అతని దగ్గరికి రావడానికి అదే కారణం.

ఆ షాపుల వాళ్లకు పాస్‌వర్డులంటే విసుగు. ఓటీపీ అంటే ఇంకా విసుగు. ‘అవన్నీ నువ్వే చూసుకోప్పా’ అంటారు. అందుకని కుళ్లాయప్ప అందరి ఖాతాలకూ తన మెయిలే ఇచ్చుకున్నాడు. ఎవరికి నోటీసు వచ్చినా, ఎవరి పాస్‌వర్డు మార్చాలన్నా అన్నీ ఆ ఒక్క మెయిల్‌కే వస్తాయి. ఆ పనిలో ఉన్నవాళ్లు చాలామంది చేసేది అదే. మెయిల్‌కు రెండో తాళంగా ఫోనుకు నంబరు వచ్చే ఏర్పాటు ఒకటి ఉండేది. గదిలో పనిచేసే అమ్మాయి మాటిమాటికీ ఆ నంబరు అడుగుతోందని దాన్నీ తీసేశాడు.

రిటర్నుల గడువు ముంచుకొస్తున్న రోజుల్లో ఒక మెయిల్ వచ్చింది. అచ్చం పన్నుల ఆఫీసుదిలాగే ఉంది. మీ క్లయింటు రీఫండు ఆగిపోయింది, కింద నొక్కి వివరాలు చూడండి అని. నొక్కాడు. పాస్‌వర్డు అడిగితే కొట్టాడు. మర్నాడు చూస్తే, తానెప్పుడూ పేరు కూడా వినని ఊరి నుంచి ఎవరో తన మెయిల్లోకి వచ్చి వెళ్లినట్టు కనిపించింది.

కుళ్లాయప్ప కాళ్లూ చేతులూ ఆడకుండా కూర్చోలేదు. పాస్‌వర్డు మార్చాడు. రెండో తాళం మళ్లీ వేశాడు. కంప్యూటర్లు రెండూ శుభ్రం చేయించాడు. అందరి ఖాతాలూ ఒక్కొక్కటే తెరిచి చూసుకున్నాడు. ఎక్కడా ఏమీ కదల్లేదు. కానీ ఆ మెయిల్లో ఆధార్ కాపీలున్నాయి, బ్యాంకు స్టేట్‌మెంట్లున్నాయి, ఎవరు ఎంత అప్పులో ఉన్నారో చెప్పే కాగితాలున్నాయి. వచ్చినవాడు వాటిలో ఏం చూశాడో, ఏం పట్టుకుపోయాడో తెలిసే దారి లేదు.

ఈ సంగతి షాపుల వాళ్లకు చెప్పలేదు. చెబితే మొదట లేచిపోయేది గిరియప్ప. వీధిలో పెద్ద షాపు ఆయనది. ఆయన ఫైలు తీసుకుపోతే మిగతావాళ్లు వరసగా తీసుకుపోతారు. గది ఖాళీ.

గురువారం దర్గాకు వెళ్లాడు. చిన్నప్పటినుంచీ వెళ్తూనే ఉన్నాడు. అక్కడి పెద్ద దస్తగిరి సాహెబ్‌ను ఊళ్లో అన్ని కులాలవాళ్లూ తాతా అనే పిలుస్తారు. కుళ్లాయప్పకు ఆయనే గురువు. లోపల గద్దె మీద కూర్చోవలసిన మనిషి గురువారాల్లో బయట చెప్పుల దగ్గర కూర్చుంటాడు. వచ్చినవాళ్ల చెప్పులు అందుకుని మేకుకు తగిలించి, ఒక తగరపు బిళ్ల చేతికిస్తాడు. దానికి జత బిళ్ల మేకుకు ఉంటుంది. ఇదేం పని అని నవ్వేవాళ్లూ ఉన్నారు. ఆయన వాళ్ల చెప్పులు కూడా తీసి పెడతాడు.

కుళ్లాయప్ప ఆయన పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. తాళాలన్నీ బాగుచేశాననీ, ఇక ఎవరూ రాలేరనీ చెప్పాడు. తన లెక్క కూడా చెప్పాడు. వచ్చినవాడు కాసేపే ఉన్నాడు, అంత తక్కువ టైములో అన్నీ చూడలేడు, నూటికి తొంభై అయిదు పాళ్లు ఎవరికీ ఏమీ కాదు.

“మిగతా అయిదు పాళ్లు ఎవురప్పా?” అన్నాడు తాత.

“అది తెలిసేది కాదు తాతా. లేని భయం పెట్టడమెందుకని ఊరుకున్నా. అన్నీ సరిచేసినా మనసు మాత్రం కుదుటపడలేదు. ఎందుకంటావు?”

తాత ఏదో అనబోయాడు. అంతలో నమాజుకు పిలుపు వినిపించింది. ఈ చెప్పులు కాస్త చూసుకో అని చెప్పి లోపలికి వెళ్లాడు.

జనం వస్తున్నారు, పోతున్నారు. కుళ్లాయప్ప బిళ్లలు తీసుకుంటూ చెప్పులిస్తున్నాడు, మనసు మాత్రం గిరియప్ప షాపు చుట్టూ తిరుగుతోంది. తెల్లచొక్కా మనిషి ఒకడు గబగబా వచ్చాడు. బస్సు కదులుతోందనీ, బిళ్ల లోపల రద్దీలో పడిపోయిందనీ, ఆ మూల నల్లబూట్లు తనవనీ అన్నాడు. అరువడిగినట్టు కాదు, అధికారంగానే అడిగాడు. కుళ్లాయప్ప తీసిచ్చాడు.

తాత తిరిగొచ్చి మేకుల వైపు ఒకసారి చూశాడు. ఖాళీ మేకు మీద బిళ్ల ఒంటరిగా వేలాడుతోంది.

“ఆ నల్లబూట్లు?”

కుళ్లాయప్ప చెప్పాడు.

“అవి కరెంటు లైన్‌మన్‌వి. ఆయన ఇంకా లోపల కూర్చునే ఉండాడు.”

కుళ్లాయప్ప లేచి రోడ్డు దాకా పరుగెత్తాడు. బస్సూ లేదు, తెల్లచొక్కా లేదు. రొప్పుతూ వెనక్కి వచ్చేటప్పటికి అతని బుర్ర ఒక దారి వెతికిపెట్టింది. అదే తాతకు చెప్పసాగాడు. లైన్‌మన్ ఇప్పుడప్పుడే లేవడు, ఖవ్వాలీ మొదలైంది. బండి మీద బజారుకు పోయి అలాంటి జతే కొనుక్కొస్తే మేకుకు తగిలించొచ్చు. కొత్తవని తెలియకుండా కాస్త దుమ్ము పూస్తే సరిపోతుంది. ఆయనకు తెలియాల్సిన పనే లేదు. డబ్బు తనదే.

ఈ మాటలు సగంలో ఉండగానే తాత లేచాడు. మోకాళ్ల మీద చేతులానించి, ఒక్కో మెట్టూ ఎక్కి, జనంలో దారి చేసుకుంటూ లోపలికి పోయాడు. కళ్లు మూసుకుని తల ఊపుతున్న లైన్‌మన్ భుజం తట్టడం, వంగి చెవిలో చెప్పడం గడపలోంచి కనిపించింది.

లైన్‌మన్ ఉలిక్కిపడి లేచాడు. జనాన్ని తోసుకుంటూ బయటికి వచ్చాడు.

“బూట్లో బండి తాళం పెట్టినా గదరా,” అంటూ ఉత్తకాళ్లతో ఎండలో పరుగెత్తాడు. రద్దీలో జేబు కొట్టేస్తారని అలా పెట్టుకోవడం అతనికి అలవాటట.

కుళ్లాయప్ప వెనకే పరుగెత్తాడు. బండ్లు నిలిపిన చోట లైన్‌మన్ బండి ఇంకా ఉంది. కాస్త అవతల తెల్లచొక్కా మనిషి చేతిలో తాళంతో ఒక్కో బండీ చూసుకుంటూ వస్తున్నాడు. వీళ్లను చూడగానే తాళం పారేసి గోడ దూకాడు. కాళ్లకు నల్లబూట్లు ఉన్నాయి.

తాళం ఏరుకుని లైన్‌మన్ తిరిగొచ్చాడు. అరికాళ్లు కాలుతున్నాయి. కోపమంతా తాత మీద చూపించాడు.

“ఏం ముసలాయనా, చెప్పులు కాసేదానికి కూడా చేతగాకుంటే ఇంట్లో పండుకోరాదా? నిన్ను నమ్మి ఇచ్చేదానికి మాకు బుద్ధి ఉండొద్దా?”

“నా దగ్గరే పోయినాయి నాయనా. తప్పు నాదే,” అన్నాడు తాత. పక్కన నిలబడిన కుళ్లాయప్ప పేరు ఎత్తలేదు.

లైన్‌మన్ ఇంకా చాలా అన్నాడు. ఇకమీదట ఈ గడప తొక్కితే ఒట్టన్నాడు. నలుగురూ వింటున్నారు. తాత అన్నీ విని, తన చెప్పులు తీసి అతని ముందు పెట్టాడు. లైన్‌మన్ వాటిని చూసి, కాసేపు తటపటాయించి, తొడుక్కుని వెళ్లిపోయాడు.

తాత మళ్లీ మేకుల కింద కూర్చున్నాడు. ఎవరో ముసలమ్మ చెప్పులిస్తే అందుకుని బిళ్ల ఇచ్చాడు.

కుళ్లాయప్ప ఆయన పక్కనే కూర్చున్నాడు. “నేను కొనుక్కొచ్చేవాణ్ణి కదా తాతా. నీకు ఆ తిట్లు ఎందుకు?”

“బూట్లు ఆయనవి కుళ్లాయీ. పోయిన సంగతి కూడా ఆయనదే. అది నేను దాచిపెట్టుకుంటే దొంగలు ఇద్దరవుతారు.”

కుళ్లాయప్ప లేచి గోడ నీడకు వెళ్లి ఫోను తీశాడు. గిరియప్ప పేరు దగ్గర వేలు కాస్త ఆగింది, తర్వాత నొక్కింది.

“అన్నా, కుళ్లాయప్పను. మీవి కొన్ని నా దగ్గర పోయినాయి. నన్ను తర్వాత తిడుదురు గానీ, ముందు ఇది వినండి.”