చక్రాలు లేని బండి మీద కుదురమ్మ

మొగలిపాడు, ఊటవలస గ్రామాల మధ్య ఒక గెడ్డ పారుతుంది. మా వైపు వాగును గెడ్డ అంటారు. ఆ గట్టు మీద, సీతాఫలం పొదల నడుమ పెంకుల కప్పుతో కనిపించే చిన్న గుడి కుదురమ్మ తల్లిది. గుడికి గోపురం లేదు, ధ్వజస్తంభం లేదు. లోపల అమ్మవారికి రాతి పీఠం కూడా లేదు. పిల్లలు ఆడుకునే బండి కంటె కాస్త పెద్దదైన ఒక కొయ్యబండి మీద తల్లి కాళ్ళు మడుచుకుని కూర్చుని ఉంటుంది. ఆ బండికి ఇరుసు ఉంది, కాడి ఉంది, చక్రాలు మాత్రం లేవు. మొదటిసారి వచ్చిన భక్తులు వాటిని ఎవరో ఎత్తుకుపోయారనుకుని పూజారి వైపు జాలిగా చూస్తారు. ఒకాయనైతే టేకుతో కొత్త చక్రాలు చేయిస్తానని మొక్కుకున్నాడు. ఊరివాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి, కథంతా చెప్పి, ఆ మొక్కు మాన్పించవలసి వచ్చింది. అమ్మవారి బండికి చక్రాలు ఎందుకు ఉండకూడదో తెలుసుకోగోరే యాత్రికుల కోసమే ఈ నాలుగు మాటలు.

పూర్వం ఇక్కడ గెడ్డా, పొదలూ, రెండూళ్ళ పొలిమేర రాయీ తప్ప మరేమీ లేవు. ఆ కాలంలో మొగలిపాడుకు పెద్ద దాలినాయుడు. మంచి మనిషి. కాకపోతే ఏ పనైనా తనకంటె బాగా చేసేవాడు ఆ చుట్టుపక్కల లేడన్న నమ్మకం కొంచెం ఎక్కువ. ఆయనకు పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఆఖరున పుట్టిన ఆడపిల్లను తవుట్లో దొర్లించి, మృత్యువు కన్ను పడకుండా తవిటమ్మ అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్ల బతికింది. బతకడమే కాదు, గట్టి నోరుతో బతికింది. పెళ్ళీడు వచ్చాక దూరం పంపడానికి మనసొప్పక, గెడ్డ అవతల ఊటవలస పెద్ద చిన్నంనాయుడి కొడుక్కిచ్చి చేశాడు దాలినాయుడు. తన దొడ్డి గోడ ఎక్కి చూస్తే కూతురి వంటింటి పొగ కనిపించాలని సంబంధం కుదుర్చుకునేటప్పుడే అడిగి, ఎక్కి, చూసి మరీ ఒప్పుకున్నాడు.

తవిటమ్మ నిండు గర్భిణిగా ఉన్న ఏడాది వానలు వెనకబడ్డాయి. గెడ్డ పారడం మానేసి మడుగులు కట్టింది. పశువులూ మనుషులూ ఆ మడుగుల నీళ్ళే తాగారు. అప్పుడు మొగలిపాడులో వాంతులు, విరేచనాల జబ్బు పుట్టింది. ఇప్పుడు మనం కలరా అంటున్నాం గాని, ఆనాటివాళ్ళు పేరెత్తడానికి భయపడి 'అమ్మ వచ్చింది' అనేవారు. వచ్చిన అమ్మను సాగనంపడానికి ఒక పద్ధతి ఉండేది. చిన్న కొయ్యబండి చేసి, దాని మీద అమ్మవారి బొమ్మను కూర్చోబెట్టి, చీరా పసుపూ పళ్ళూ పెట్టి, డప్పులతో లాక్కుపోయి పొలిమేర దాటించి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. అంతటితో తమ ఊరు చల్లబడుతుందని నమ్మకం. పొలిమేర అవతల ఉన్నది మరొక ఊరేనన్న సంగతి ఎవరికీ అంతగా తట్టేది కాదు.

దాలినాయుడు ఆ పని తన సహజమైన శ్రద్ధతో చేయించాడు. బండిని దగ్గరుండి గెడ్డ దాటించి, అవతల మడుగులో కాళ్ళూ చేతులూ కడుక్కుని, ప్రసాదం పళ్ళు మనుషులందరికీ పంచి, చంకలు గుద్దుకుంటూ ఇంటికి వచ్చాడు. ఊటవలసవాళ్ళు తెల్లారి లేచి చూస్తే తమ పొలిమేరలో అమ్మవారు. చిన్నంనాయుడు మాత్రం తక్కువవాడా. ఆయన ఇంకో చీర పెట్టి, ఇంకో గంప పళ్ళు పెట్టి, అంతకంటె ఎక్కువ డప్పులతో బండిని తిరిగి మొగలిపాడు వైపు తోలించాడు. ఆయన మనుషులూ ఇవతలి మడుగులోనే కడుక్కున్నారు, ఇవతలే పళ్ళు పంచుకున్నారు.

ఇక అక్కడి నుంచి అమ్మవారికి విశ్రాంతి లేదు. బండి ఇంకా దూరం పోయి, తొందరగా వెనక్కి రాకూడదని దాలినాయుడు పెద్ద చక్రాలు వేయించాడు. అవి బాగా తిరగాలని చిన్నంనాయుడు ఇరుసుకు ఆముదం పట్టించాడు. పోయినప్పుడల్లా ఒక చీర, వచ్చినప్పుడల్లా ఒక చీర కట్టగా కట్టగా అమ్మవారు పెళ్ళిపందిట్లో పెద్దముత్తైదువలా లావెక్కింది. బండి ఎన్నిసార్లు దాటితే జబ్బు రెండు వైపులా అంత పెరిగింది. ఒక ఊరికే ఉన్నది రెండూళ్ళదైంది.

ఒకనాడు వియ్యంకులిద్దరూ గెడ్డ మధ్యలో ఎదురుపడ్డారు. కుశలప్రశ్నలు అయ్యాయి. తరవాత దాలినాయుడు గొంతు సవరించుకుని, ఆడపడుచుని సాగనంపినట్టు సారెతో పంపుతుంటే అలా తిప్పి పంపేయడం మర్యాదేనా అని అడిగాడు.

"మీ ఇంటి ఆడపడుచు ఒకర్తెని ఏలుకుంటన్నాం గదా బావగారూ," అన్నాడు చిన్నంనాయుడు. "ఆ నోటికే మా ఇల్లు సరిపోవడం లేదు. రెండో ఆవిణ్ణి ఎక్కడ పెట్టమంటారు?"

దాలినాయుడికి ఒళ్ళు మండింది. ఇంటికి పోయి వడ్రంగిని పిలిపించి చక్రాలకు ఇనప పట్టాలు బిగించమన్నాడు. భార్య అంకమ్మ అన్నం వడ్డిస్తూ, ఆ బండి పోయేది మనమ్మాయి ఉన్న ఊరికేనని నెమ్మదిగా గుర్తు చేసింది. మనమ్మాయి ఇల్లు ఊరికి ఆ చివరని, అమ్మ అంత దూరం పోదని ఆయన చెప్పాడు. అమ్మవారి దారులు కూడా తనకు తెలుసనే అనుకున్నాడు.

మరునాటి మధ్యాహ్నం బండి ఇవతలి గట్టు మీద సిద్ధంగా ఉంది. డప్పులవాళ్ళు డప్పులు కాచుకుంటున్నారు. అంతలో అవతల మేకలు కాసుకునేవాడొకడు గట్టు మీదికి వచ్చి నోటికి చేతులు అడ్డం పెట్టుకుని కేక వేశాడు. తవిటమ్మకు పొద్దుటి నుంచి వాంతులవుతున్నాయట, లేచి కూర్చోలేకపోతోందట.

ఇప్పుడు బండి తోలితే అది పోయేది కూతురి మంచం దగ్గరికే. తోలకపోతే సొంత ఊరు ఊరుకోదు. ఎండ తగ్గాక చూద్దామని అందరినీ నీడకు పంపేసి, దాలినాయుడు ఒక్కడే బండి పక్కన కూలబడ్డాడు. రాత్రంతా రోగుల ఇళ్ళ చుట్టూ తిరిగిన మనిషి కావడంతో, చక్రానికి తల ఆనించగానే కునుకు పట్టింది.

ఆ కునుకులో అమ్మవారు కనిపించింది. అభయహస్తం చూపలేదు, శూలం ఎత్తలేదు. రెండు చేతులూ నడుముకు ఆనించుకుని మూలుగుతోంది.

"దాలినాయుడూ, నా నడుం సంగతి ఏటి చేస్తావు?" అంది. "మీ రెండూళ్ళ మధ్య తిరిగి తిరిగి నాకు ఒళ్ళు హూనమైపోయింది. కట్టిన చీర నలగకముందే బయలుదేరదీస్తారు. పెట్టేదేటి, మడుగు నీళ్ళతో కడిగిన పళ్ళూ, మడుగు నీళ్ళ పానకమూను. నాకే కడుపులో తిప్పుతోంది."

జబ్బు తెచ్చింది తమరే కదా తల్లీ అని ఆయన నసిగాడు.

"నేను తెచ్చానా? కాళ్ళు మడిచి కూచోబెట్టారు, లేచి నడిచానా? ప్రతిసారీ గెడ్డ దాటింది మీరు. ఆ నీళ్ళలో చేతులు పెట్టింది మీరు, ఆ చేతులతో పళ్ళు తిన్నది మీరు, ఇంటికి పోయి పిల్లల్ని ఎత్తుకున్నది మీరు. మోసినవాళ్ళు మీరై, నింద నాకా?" అని ఒక్క క్షణం నడుము నొక్కుకుని మళ్ళీ అంది. "నన్ను ఒకచోట కుదురుగా కూచోనియ్యండి. మీరూ కుదురుగా మీ ఇళ్ళలో ఉండండి. నీళ్ళు కళపెళా మరగకాచి నాకు పెట్టండి, నాకు పెట్టిన నీళ్ళే మీరూ తాగండి. పడిపోయినవాళ్ళకి ఉప్పేసిన గంజి గుక్క గుక్కా పోయండి, కక్కినా మళ్ళీ పోయండి, విసుక్కోకండి. జబ్బు తగ్గేదాకా ఎవరూ గెడ్డ దాటకండి."

"మరి నా తవిటమ్మని చూడద్దా తల్లీ?"

"అడగడానికి దాటడమెందుకు? నోరు లేదా?" అని తల్లి చీరల బరువుతో కష్టంగా అటు తిరిగి కూర్చుంది.

దాలినాయుడు లేచి కళ్ళు తుడుచుకున్నాడు. వడ్రంగి గొడ్డలి తీసుకుని, బండిని బండ మీదికి ఎత్తి, తాను ముచ్చటపడి చేయించిన ఆ చక్రాలను తానే ఊడగొట్టి ముక్కలు చేశాడు. చప్పుడు విని ఊరంతా పరుగెత్తుకొచ్చింది. అప్పటికే ఆయన మూడు రాళ్ళు పెట్టి, మడుగు నీళ్ళు కుండతో ఎక్కించి, చక్రాల చెక్క కింద పెట్టి మంట వేస్తున్నాడు.

జనం మండిపడ్డారు. కూతురి కోసం ఊరిని చంపుతావా అని ఒకరు అడిగేశారు.

"ఔను, నా కూతురి కోసమే," అన్నాడు దాలినాయుడు. అలా తప్పు ఒప్పుకోవడం ఆయనకు అలవాటు లేని పని కాబట్టి అందరూ ఆగి విన్నారు. "మరి మీ కూతుళ్ళు ఎక్కడున్నారు?"

ఒకరి చెల్లెలు ఊటవలసలోనే ఉంది. ఒకరి మేనకోడలు ఉంది. డప్పు వాయించేవాడి అత్తవారు ఉన్నారు. ఇన్నాళ్ళూ అమ్మను ఎవరి ఇళ్ళకు సాగనంపుతున్నారో అప్పటికి తట్టింది. కుండలో నీళ్ళు మరిగాయి. అంకమ్మ ముందుకొచ్చి, మొదటి ముంత అమ్మవారికి చూపించి, రెండోది చల్లార్చి మొగుడికిచ్చింది.

అవతల చిన్నంనాయుడు మనుషులతో బండిని ఆపడానికి కర్రలు పట్టుకుని నిలబడ్డాడు. బండి రాలేదు. దాని బదులు గెడ్డ మీదుగా వియ్యంకుడి గొంతు వచ్చింది. కల సంగతీ, నీళ్ళ సంగతీ, గంజి సంగతీ దాలినాయుడు అరిచి చెప్పాడు. ఎదుటివాడు చెప్పింది వెంటనే ఒప్పుకోవడం చిన్నంనాయుడికీ అలవాటు లేదు. అయినా లోపల కోడలు కళ్ళు తేలేస్తోంది. ఆయన కర్ర పారేసి, తానే పొయ్యి రాజెయ్యడానికి పరుగెత్తాడు. కోడలి పక్కన కూర్చుని రాత్రింబవళ్ళు ఉప్పు గంజి పోసింది ఆయనే. రెండో ఆవిణ్ణి ఎక్కడ పెట్టనన్న మనిషి, ఉన్న ఒక్కర్తె ఒక్క మాట మాట్లాడితే చాలని ఇలవేల్పులందరికీ మొక్కాడు.

దాలినాయుడు గట్టు వదల్లేదు. పొద్దున్నే, మధ్యాహ్నం, సందెవేళ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని, "బావగారూ, మా తవిటమ్మకి వాంతులు తగ్గాయా? విరోచనాలు ఎన్నయ్యాయి? గంజి నిలిచిందా?" అని అరిచేవాడు. అవతల నుంచి జవాబు వచ్చేది. ఒకసారి కొంచెం బాగు, ఒకసారి బాగులేదు. ఒక పూట ఏ జవాబూ రాలేదు. ఆ పూట ఆయన అమ్మవారి బండి కాడిని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఊళ్ళోవాళ్ళు వచ్చి ఆయన పక్కన నిలబడి, ఆయన కోసం కేకలు వేశారు. తవిటమ్మతో ఆగకుండా తమ తమవాళ్ళందరి పేర్లూ పిలిచి అడిగారు. అవతలివాళ్ళు ఇవతలివాళ్ళ గురించి అడిగారు.

మరునాడు ఆయన అరిచిన అరుపుకు అవతలి గట్టు మీద ఒక బక్కచిక్కిన ఆకారం, మామగారి భుజం పట్టుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుని వచ్చి నిలబడింది.

"నానా," అంది తవిటమ్మ. గొంతు పీలగా ఉన్నా ప్రతి మాటా ఇవతలికి చేరింది. "రెండూళ్ళూ వినేలాగ నా విరోచనాలు లెక్కడుగుతావేటి? నాకు సిగ్గు లేదనుకున్నావా?"

దాలినాయుడు ఆ గట్టు మట్టిలోనే కూర్చుండిపోయాడు. కూతురు అలా తిడుతూనే ఉంది. ఆయన ఇంకా తిట్టమన్నట్టు తల ఊపుతూ, పై పంచెతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. చిన్నంనాయుడు కోడలి వెనక నిలబడి, నోరు పూర్తిగా కుదుటపడింది బావగారూ అని చెప్పాడు.

జబ్బు నెమ్మదించాక తవిటమ్మకు ఆడపిల్ల పుట్టింది. కుదురుగా కూర్చున్న అమ్మవారికి కుదురమ్మ అన్న పేరు వచ్చింది, ఆ పిల్లకూ ఆ పేరే పెట్టారు. అమ్మవారిని మళ్ళీ ఎవరూ కదపలేదు. ఆమె చుట్టూనే గుడి లేచింది.

ఇప్పటికీ ఏటా ఆషాఢంలో, వానలు మొదలై నీళ్ళు మారే వేళ, ఇక్కడ జాతర జరుగుతుంది. తీర్థంగా మరగకాచిన నీళ్ళే ఇస్తారు. నోరు కాలుతుంది, ఊదుకుని తాగాలి. రెండూళ్ళవాళ్ళూ గెడ్డకు చెరో గట్టున నిలబడి, పేరు పేరునా అవతలివాళ్ళ ఆరోగ్యం అడుగుతారు. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన యాత్రికులు తమకు తెలియని మనిషినొకరిని ఎంచుకుని, వారి ఇంటిల్లిపాదీ ఎలా ఉన్నారో అడిగి, జవాబు పూర్తిగా విన్నాకే లోపలికి రావాలి. కొందరు పెద్దవాళ్ళు మోకాళ్ళతో మొదలుపెట్టి నడుము, పైత్యం మీదుగా అల్లుడి మధుమేహం వరకు వెళతారు. మధ్యలో లేచిపోతే దర్శన ఫలం దక్కదు. జ్వరమో వాంతులో ఉన్నవారు ముందు ఆసుపత్రికి వెళ్ళవలసిందని, ఇంటి నుంచి పెట్టిన దండం తల్లికి చేరుతుందని గుడి ధర్మకర్తలు మనవి చేస్తున్నారు.

కుదురమ్మను నమ్మి, ఎదుటివారి బాగును ఓపికగా విన్నవారికి తల్లి ఆరోగ్యమూ ఆయుష్షూ ఇస్తుంది. అలా విని వచ్చినవారి ఇంట్లో జబ్బు పడితే, పిలవకుండానే గంజి పట్టుకొచ్చే మనిషి ఒకరు గుమ్మంలో ఉంటారు.