కార్తీకపు మంచు

ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు పూర్ణబోధస్వామికి లేదు. సోమయాజులుకు అదే గిట్టేది కాదు. హిమాలయాల్లోని ఆ చిన్న ఆశ్రమంలో పన్నెండేళ్లుగా జపం చేస్తున్న అతను, ఒక ఉదయం ఊడవడానికని తన ఆసనం పక్కకు జరిపిన పాపానికి సాటి శిష్యుడు భుజంగాన్ని నోటికొచ్చినట్టు తిట్టాడు. తరువాత తనకే సిగ్గేసి స్వామి దగ్గరికి వెళ్లాడు.

"ఇన్నేళ్లకు అణగిందనుకున్న కోపం ఇంత చిన్నదానికి ఎందుకు లేచింది స్వామీ?"

స్వామి కాసేపు దగ్గి, "బల్బీర్‌తో వెళ్లి మంచు చూసి రా," అన్నారు.

సోమయాజులుకు ఒళ్లు మండింది. అడిగిందేమిటి, చెప్పిందేమిటి! అయినా బయల్దేరాడు. స్వామి దగ్గుమందు అయిపోయి రెండు రోజులైంది, కింద ఊరికి ఎవరో ఒకరు వెళ్లక తప్పదు. దారి ఒక నిటారు వాలు అంచున పోతుంది. బల్బీర్ ఆ కొండల్లో పుట్టినవాడు, ఆశ్రమానికి సరుకులు మోస్తూ తెలుగు నేర్చుకున్నాడు. వాలు మొదట్లో పారతో నడుంలోతు గొయ్యి తవ్వి, అడుగు నుంచి గుప్పెడు మంచు తీశాడు. అది పంచదారలా వేళ్ల సందుల్లోంచి రాలిపోయింది.

"ఇది కార్తీకంలో పలచగా కురిసింది అయ్యా. ఆ తరువాత వానా మబ్బూ లేని చలికి ఇలా రవ్వరవ్వ అయింది. దీని మీద పుష్యంలో మూడడుగులు పడింది. ఇవాళ వద్దు."

మర్నాడూ అదే మాట. ఆరు రోజులు ఆకాశం నీలంగా మెరిసింది, పైమంచు కాలు దిగనంత గట్టిపడింది. బల్బీర్ రోజుకో గొయ్యి తవ్వడం, తల అడ్డంగా ఊపడం! గదిలో స్వామి దగ్గు ముదిరింది. సోమయాజులు ప్రాణం విసిగిపోయింది.

"పైన బండలా ఉంది కదయ్యా, ఇంకా ఏమిటి నీ భయం?"

"కొత్తగా పడింది రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది అయ్యా. అడుగున ఉన్న రవ్వకు నెలలు పట్టొచ్చు. పైన పలక కట్టింది కనుక, విరిగితే అంతా ఒక్కసారే వస్తుంది."

"సరే, నీ గోతులు నువ్వు తవ్వుకో!" అని సోమయాజులు విసవిసా ముందుకు నడిచాడు. నాలుగో అడుగుకు కాళ్ల కింద మంచు గుబ్బుమని కుంగింది. తలెత్తేసరికి ఎగువన ఒక పగులు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తుతోంది. మరుక్షణం వాలు వాలంతా కదిలింది.

అంచునే ఉన్నాడు కనుక బతికాడు. ఛాతీ దాకా కూరుకుపోయాడు. ఆగిన మంచు సిమెంటులా బిగుసుకుంది, ఊపిరి తీయడమే గగనమైంది. బల్బీర్ పారతో తవ్వుతుంటే, చప్పుడు విని పరుగెత్తుకొచ్చిన భుజంగం గోళ్లు చిట్లేలా చేతులతోనే తోడాడు. సోమయాజులు ఆ చేతుల వంక చూడలేకపోయాడు.

వాలు ఖాళీ అయిందో లేదో రెండుసార్లు చూసుకుని, బల్బీర్ మందు కోసం కిందికి దిగాడు. సోమయాజులు ఆశ్రమానికి చేరేసరికి గుమ్మంలో స్వామి కంబళి పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నేను వేసింది నాలుగే అడుగులు స్వామీ," అన్నాడు సోమయాజులు, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే.

స్వామి కంబళి కప్పి, "అడుగులు నాలుగే. విరిగింది మాత్రం ఇవాళ్టిది కాదు," అన్నారు.