నక్క నేర్పిన నూరు ఊపిర్లు

నల్లమిట్ట పైన కొర్ర చేలు, కింద ఎండిన వాగు, మధ్యలో ఇరవై గడపల కుందేళ్ళ ఊరు. గడపలంటే నవ్వకండి. ఉన్నవి ముళ్ళపొదలే. కానీ ఆ కుందేళ్ళకు మనకున్నన్ని పట్టింపులూ ఉన్నాయి కనుక గడపలనే అందాం.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ప్రమాదం పసిగట్టినవాళ్ళు ఎవరైనా సరే, వెనక కాలితో నేలను ధబ్బున తన్నాలి. ఆ చప్పుడు వినబడితే ఎందుకూ ఏమిటీ అని అడగకుండా అందరూ పొదల్లో దూరాలి. ముందు బతకడం, తర్వాత తిట్టుకోవడం. తాతల నాటి నుంచీ ఊరు నిలబడింది ఆ చప్పుడు వల్లే.

అక్కడ సుంకులు అనే ఆడకుందేలు ఉండేది. పోయిన ఏడు వేటగాళ్ళు వలలు పన్నినప్పుడు మొగుడూ ముగ్గురు పిల్లలూ పోయారు. సుంకులూ, కడగొట్టు కూతురు సామా మిగిలారు. ఆ రోజు నుంచి సుంకులుకు దడ పట్టుకుంది. కారణమంటూ ఏమీ ఉండదు. ఎండలో కూచుని గడ్డి కొరుకుతూ ఉంటే ఉన్నట్టుండి గుండె గొంతులోకి వస్తుంది. కాళ్ళు చల్లబడతాయి. గాలి ఆడదు. ఇప్పుడే, ఇక్కడే చచ్చిపోతాననిపిస్తుంది. వెంటనే నేల తంతుంది. ఊరంతా పరుగు. తీరా చూస్తే ఎక్కడో ఒక ఎండుటాకు కదిలి ఉంటుంది.

"మేయ్ సుంకులూ! పొద్దున్నించి ఇది నాలుగోసారి. నోట్లో కొర్రకంకి నోట్లోనే ఉండాది, మింగనిస్తివా?" అని మండిపడ్డాడు ఊరి పెద్ద ఓబులేసు.

"కావాలని తంతానా మామా? చచ్చిపోతాననిపిస్తాది."

"నీకు అనిపిస్తే మేం ఉరకాల్నా? రేపటి నుంచి అనిపించకుండా చూసుకో."

ఊరంతా నవ్వింది. నలుగురిని పోగొట్టుకున్నదాన్ని చూసి నవ్వడానికి వాళ్ళకు మనసెలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అనిపించకుండా చూసుకోవడం తెలిస్తే అది ఎప్పుడో చూసుకునేది కదా.

వాగు అవతల రంగవ్వ అనే ముసలి గాడిద ఉండేది. ఇటుకల బట్టీలో పద్నాలుగేళ్ళు మోసింది. ఒకసారి ఇటుకల దొంతర దాని మీద కూలింది. కాలు కుంటిదయ్యాక బట్టీవాళ్ళు దాన్ని వాగు ఒడ్డున వదిలేసి పోయారు. సుంకులు ఏడుస్తూ దాని దగ్గరికి పోయింది.

"గుండె అదురుతాదా? కాళ్ళు నీవి కానట్టు ఉంటాయా?" అని అడిగింది రంగవ్వ.

"అవునవ్వా. నీకెట్ల తెలుసు?"

"నామీద ఇటుకలు పడి ఆరేండ్లాయె. ఇప్పటికీ యాడన్నా దబ్బుమంటే నా కాళ్ళు బిగుసుకుంటాయి. విను. దడ రాంగానే ముందు కండ్లు తెరువు. నాలుగు దిక్కులా చూడు, వాసన పట్టు. నిజంగా ఏమన్నా ఉంటే తన్ను, ఉరుకు. ఏమీ లేదనుకో, నాలుగు కాళ్ళూ నేలకు ఆనించు. పీల్చేదానికన్నా వదిలేది నిదానంగా వదులు. ఒక గడ్డిపోచ నములు. తీపో వగరో నీకు నువ్వే చెప్పుకో. అది పోయేదాకా అట్లే నిలబడు."

"పోకపోతే?"

"పోకుండా నిలిచిపోయిన దడను నేనింతవరకు చూడలే. మళ్ళీ వస్తాది, అది వేరే సంగతి. వరస మాత్రం తప్పొద్దు అమ్మీ. ముందు చూపు, తర్వాత ఊపిరి."

సుంకులు అలాగే చేసింది. మొదటి రోజు గడ్డిపోచ నోట్లోంచి జారిపోయింది. మూడో రోజు నిలిచింది. పదిహేను రోజులకు నాలుగు తన్నులు ఒక తన్నయ్యాయి. సామ కూడా తల్లి పక్కన నిలబడి, తనకే దడా లేకపోయినా, గడ్డిపోచ నమిలి "వగరమ్మా" అనేది.

దడ పూర్తిగా పోలేదు. ఊరికి మాత్రం పూర్తిగా పోవాలి. ఆ ఒక్క తన్నుకీ సణుగుడే.

ఇదంతా పొదచాటు నుంచి విన్నవాడు ఒకడున్నాడు, నక్క శాంతప్ప. సుంకులు తన్నుల్లో అన్నీ అబద్ధాలు కావు. మూడుసార్లు నిజంగానే శాంతప్ప పొద వెనక పొంచి ఉన్నాడు. మూడుసార్లూ ఖాళీ కడుపుతో వెనక్కి పోయాడు. ఊరు ఆ సంగతి గమనించలేదు గానీ శాంతప్ప మరిచిపోలేదు.

ఒక సాయంత్రం అతను ఎర్రగుండు అనే పెద్ద బండరాయి మీద కూచుని, నోట్లో గడ్డిపోచ పెట్టుకుని, నెమ్మదిగా పిలిచాడు.

"ఉరకొద్దండప్పా. నేను మాంసం ముట్టక మూడు నెల్లాయె. మిమ్మల్ని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతాది. నాకు భయపడి మీరు చెడిపోలేదు. భయమనే జబ్బుతో చెడిపోతాండారు."

ఓబులేసు దూరం నుంచే అడిగాడు. "దానికి మందుందా?"

"మీ ముక్కులోనే ఉండాది. సాయంత్రం పూట ఈ గుండు కాడికి రండి. పెద్దలు ముందు, పిల్లలు వెనక కూచోండి. కండ్లు మూసుకోండి. నూరు ఊపిర్లు లెక్కపెట్టండి. నూరయ్యేదాకా కండ్లు తెరవగూడదు, కాలెత్తగూడదు. నడుమ ఏ వాసనొచ్చినా, ఏ చప్పుడైనా, అదంతా మీ భయం ఆడే నాటకం. నమ్మితిరా, చెడితిరి."

నెల రోజులు ఎవరికీ వెంట్రుక కూడా ఊడలేదు. శాంతప్ప గుండు మీద కళ్ళు మూసుకుని కూచునేవాడు. ఊరు అతన్ని స్వామీ అని పిలవడం మొదలుపెట్టింది. పొద్దున పూట దూరంగా చెరువుకు పోయి పీతలు తినేవాడు. తన్నులు ఆగిపోయాయి. ఊరు కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయి, ఒళ్ళు చేసింది. శాంతప్పకు కావలసిందీ అదే.

అందరికన్నా శ్రద్ధగా లెక్కపెట్టింది సుంకులు. బాగుపడాలని ఆ ఊళ్ళో నిజంగా కోరుకున్నది అదొక్కతే.

రంగవ్వ విని చెవులు నిక్కించింది. "కండ్లు మూసుకోమన్నాడా? నేను చెప్పింది ముందు తెరవమని కదే!"

"నీ పద్ధతిలో కొంతే తగ్గింది అవ్వా. స్వామి పద్ధతిలో పూర్తిగా తగ్గింది. ఊరంతా నాతో మాట్లాడతాండారు. మామ నన్ను చూసి నవ్వడం మానేసినాడు."

ఆ మాటకు రంగవ్వ చెవులు వాల్చింది. ఊరు పలకరించడం ఎంత తియ్యగా ఉంటుందో, అందరూ వదిలేసిన గాడిదకు తెలియదా?

రెండో నెలలో వెనక వరసలో ఈరన్న కొడుకు కనబడలేదు.

"నలభై దాకా లెక్కపెట్టి లేచిపాయె" అన్నాడు శాంతప్ప విచారంగా. "మనసు నిలపలేనోళ్ళు అంతే."

"వానికి మొదట్నుంచీ నిలకడ లేదు" అన్నాడు ఓబులేసు.

ఆ తర్వాత ఇంకో ఇద్దరు పోయారు. వాళ్ళకూ నిలకడ లేదన్నారు. శాంతప్ప మీసాలు ఎందుకంత నిగనిగలాడుతున్నాయని ఒక్కరూ అడగలేదు.

ఆ రోజు సుంకులు యాభై దాటింది. ఒక్కసారిగా గుండె అదిరింది. నెలన్నర తర్వాత మళ్ళీ అదే దడ. ముక్కుకు పచ్చి వాసన తగిలింది. వెనక కాలు దానంతటదే లేచింది.

"స్వామీ, వాసన..." అంది కళ్ళు తెరవకుండానే.

"నీ పాత జబ్బే చెల్లెమ్మా. లెక్కపెట్టు" అంది శాంతప్ప గొంతు. ఆ గొంతు గుండు మీద నుంచి రాలేదు. వెనక నుంచి వచ్చింది. సుంకులుకు అది తెలిసింది. తెలిసినా, తెలిసిన దాన్ని నమ్మొద్దని కదా నేర్చుకుంది.

"మళ్ళీ మొదలుపెడితివా?" అని పక్కనుంచి ఓబులేసు గొణిగాడు.

సుంకులు లేచిన కాలిని రెండో కాలితో తొక్కిపట్టింది. అరవై. అరవై ఒకటి. డెబ్బై రెండు దగ్గర వెనక నుంచి "అమ్మా" అని చిన్న పిలుపు వినబడింది. ఒక్కసారే. సుంకులు పళ్ళు బిగించి నూరు దాకా లెక్కపెట్టింది.

కళ్ళు తెరిచి చూస్తే సామ లేదు. అది కూచున్న చోట సగం నమిలిన గడ్డిపోచ ఉంది.

సుంకులు నేల తన్నింది. రాళ్ళు అదిరేట్టు తన్నింది. "వాడే! నా బిడ్డను వాడే తినె! ఉరకండి!"

ఒక్కరూ కదల్లేదు. శాంతప్ప గుండు మీద కూచుని తల ఊపాడు. "పాపం, బిడ్డ అడవిలో తప్పిపోయిందేమో. ఆ దుఃఖంలో పాత జబ్బు తిరగబెట్టింది. ఇది ఇక్కడుంటే మీ అందరికీ అంటుకుంటాది."

"నీకు కూతుర్ని కాసుకునే తెలివి లేదు, స్వామి మీద నింద వేస్తావా?" అన్నాడు ఓబులేసు. నెలన్నరగా అతను హాయిగా నిద్రపోతున్నాడు. ఆ నిద్ర పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. అందరూ కలిసి సుంకులును వాగు దాకా తరిమారు.

రంగవ్వ దగ్గరగా వచ్చి మెడ ఆనించి నిలబడింది.

"అది పిలిచె అవ్వా. డెబ్బై రెండు కాడ పిలిచె. నేను డెబ్బై మూడు అంటి."

రంగవ్వ అంది: "ఊపిరిది తప్పు కాదమ్మీ. అది నీదే, రేపు కూడా నీకు కావాల. వాడు నీ చూపు కాజేసె. నిన్ను మోసం చేసింది వాడు, నీ ఊపిరి కాదు."

ఆ మాటతో సుంకులు దుఃఖం తగ్గిందని నేను చెప్పను. తగ్గలేదు. రోజుకు పదిసార్లు దడ వచ్చేది. పదిసార్లూ ముందు నాలుగు దిక్కులా చూసేది. ఆ తర్వాతే నాలుగు కాళ్ళూ ఆనించి ఊపిరి వదిలేది. గడ్డిపోచ మాత్రం చాలా రోజులు నోట్లో పెట్టుకోలేకపోయింది. రోజూ సాయంత్రం అవతలి ఒడ్డు నుంచే నేల తన్నేది. ఆ చప్పుడు విని ముగ్గురు వాగు దాటి వచ్చేశారు. మిగిలినవాళ్ళు "పిచ్చిది" అనుకుని లెక్క కొనసాగించారు. వెనక వరస నుంచి మొదలై ఒక్కొక్కరే తగ్గుతూ వచ్చారు.

వానలు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం ఓబులేసు నూరు పూర్తిచేసి కళ్ళు తెరిచాడు. పక్కన ఎవరూ లేరు. వెనక ఎవరూ లేరు. గుండు దిగి శాంతప్ప నిదానంగా నడిచి వస్తున్నాడు.

"మిగతా వాళ్ళు యాడ స్వామీ?"

"నిలకడ లేక పోయినారు. నువ్వొక్కడివే గట్టోడివి. ఈరోజు నీకు నూరు అక్కర్లేదు ఓబులేసూ. ఇంకో పది చాలు."

అప్పుడు ఓబులేసు కాలు లేచింది. జీవితంలో ఎన్నడూ తన్ననంత గట్టిగా నేల తన్నాడు. ఊళ్ళో వినేవాళ్ళు ఎవరూ లేరు.

వాగు అవతల సుంకులుకు వినబడింది. తల ఎత్తింది. నాలుగు దిక్కులా చూసింది. రెండో తన్ను కోసం చెవులు నిక్కించింది. అది రాలేదు. నాలుగు కాళ్ళూ నేలకు ఆనించి, కళ్ళు తెరిచే ఉంచి, ఊపిరి నిదానంగా వదిలింది.

నీతి: నీ భయానికి మందిస్తానని కళ్ళు మూసుకోమన్నవాడి పళ్ళు ముందు చూడు.