గుడ్డి ఏనుగుకు దారి చెప్పిన చెవులపిల్లి

అనగనగా, ఏరు రెండు పాయలుగా చీలే చోట ఒక అడవి. ఆ అడవిలో ఒక బడి. బడికి పెద్ద ఒక ముసలి ఏనుగు. దానికి చూపు పోయింది గాని పంతం పోలేదు.

ఒకనాడు పంతులైన తాబేలు వచ్చి, "అయ్యా, పిల్లలకు అక్షరాలతో పాటు, పనిని అడుగులుగా విడదీసి చెప్పడం కూడా నేర్పుతాను" అంది.

"అదీ ఒక చదువేనా?" అని ఏనుగు తొండం విసిరింది. "నోరున్న ప్రతివాడూ చెప్పగలడు. అక్షరాలు చాలు."

అప్పటికే తాబేలు దగ్గర ఆ పాఠం నేర్చుకున్నది ఒక్క చెవులపిల్లే.

ఆ వానాకాలం ఏరు పొంగింది. జంతువులన్నీ గట్టెక్కాయి. ఏనుగు మాత్రం పల్లంలో చిక్కుకుపోయింది. చుట్టూ ఊబి. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. గట్టు ఎటుందో దానికి తెలియదు.

పద్యాలన్నీ నోటికి వచ్చిన చిలుక పైనుంచి పిలిచింది. "మహానుభావా! గట్టు ఎదురుగానే ఉంది. తిన్నగా వచ్చెయ్యండి!"

రెక్కలున్నదానికి అది తిన్నని దారే. ఏనుగు కాలు తొడ దాకా దిగబడింది. ఎలాగో వెనక్కి పీక్కుంది.

"కొమ్మ పట్టుకుని ఊగు తాతా! ఒక్క ఊపులో వచ్చి పడతావు" అని కోతి అరిచింది.

ఏనుగు పట్టుకుంది. కొమ్మ విరిగి నెత్తిన పడింది.

"ఊగే ఒళ్ళేనట్రా ఇది?" అని ఏనుగు ఘీంకరించింది.

నీళ్ళు పొట్టకు తగిలాయి. అప్పుడు గట్టుమీంచి చెవులపిల్లి గొంతు వినిపించింది.

"తాతా, నీ తొండం నేలకు అందుతుందా?"

"అందుతుంది. అయితే?"

"తొండంతో ముందు నేల నొక్కి చూడు. గట్టిగా ఉంటే ఒక అడుగు వేసి, నా గొంతు వైపు తిరుగు. మెత్తగా ఉంటే అడుగు వెయ్యకు. కొంచెం కుడికి తిరిగి మళ్ళీ నొక్కు. గట్టు తగిలేదాకా ఇంతే."

ఏనుగు నొక్కింది, వేసింది, తిరిగింది. కొంత దూరం వచ్చి నిలబడిపోయింది.

"ఆగావేం తాతా?"

"బండ అడ్డొచ్చింది. బండ సంగతి నువ్వు చెప్పలేదుగా!"

కోతి పకపకా నవ్వింది. చెవులపిల్లి నవ్వలేదు.

"అవును, తప్పు నాదే. బండ తగిలినా మెత్తని నేలే అనుకుని కుడికి తిరుగు. మిగతాదంతా మునుపటిలాగే."

ఏనుగు తిరిగింది. నొక్కుకుంటూ నొక్కుకుంటూ వచ్చి, చివరికి ముందుకాలు గట్టుమీద మోపింది.

ఊపిరి పీల్చుకుని, "పంతులేదీ?" అంది.

"ఇక్కడే ఉన్నానయ్యా."

"ఆ పాఠం రేపే మొదలుపెట్టు. నేనూ వచ్చి కూర్చుంటాను."

"రండయ్యా. కాకపోతే వెనక వరసలో కూర్చోండి. ముందు కూర్చుంటే పిల్లలకు నేను కనబడను" అంది తాబేలు.

కాబట్టి పిల్లలూ, చేసేవాడికి ఏం చేతనవునో తెలుసుకుని, పనిని వాడు వెయ్యగలిగిన అడుగులుగా విడదీసి చెప్పడం కూడా అక్షరాలంత అవసరమైన చదువే.