వాగు మధ్యలో ఆగిన మొరటయ్య

అనగనగా అంటూ ఎన్ని కథలు చెప్పానో! ప్రతి కథలోనూ రాజుకు బుద్ధి వస్తుంది. మళ్లీ కొత్త రాజు వస్తాడు, కథ మొదటికొస్తుంది. చెప్పేవాడికి విసుగు రాదా? సరే, కూర్చోండి. ఇదీ అలాంటి కథే.

జమ్ముమడుగు అనే అడవికి ఉగ్రనేత్రుడనే పెద్దపులి రాజు. అక్కడ తగవులు తీర్చే న్యాయాధికారి కంటకవేణి అనే ముసలి ముళ్లపంది.

ఆమెను ఆ పీట మీద కూర్చోబెట్టింది రాజు కాదు. అంతకుముందు న్యాయం చెప్పి దిగిపోయిన ముగ్గురు పెద్దలు కలిసి ఒక పేరు చెబుతారు. నచ్చకపోతే రాజు ఒక్కసారి వెనక్కి పంపవచ్చు. పెద్దలు మళ్లీ అదే పేరు చెబితే నోరు మూసుకుని ఒప్పుకోవాలి.

దింపడం ఇంకా కష్టం. ముందు ముగ్గురు పెద్దలు విచారించి తప్పు జరిగిందని తేల్చాలి. ఆ తరువాత అడవిలోని తొంభై కుటుంబాలనూ వాగు ఒడ్డుకు పిలవాలి. దింపాలన్నవారు నీళ్లలో దిగి అవతలి ఒడ్డుకు చేరాలి. అరవై కుటుంబాలు దాటితేనే న్యాయాధికారి పీట దిగాలి. రానివారు, దాటనివారు వద్దన్నట్టే. నోటితో అరవడం ఎవరికైనా తేలికే. చన్నీళ్లలో కాలు పెట్టేముందు మాత్రం ఎంతటివాడైనా ఒక్క క్షణం ఆలోచిస్తాడు. పూర్వులు అందుకే అలా పెట్టారు.

ఆ వేసవిలో రాజుకు ఒక ముచ్చట పుట్టింది. వాగు పక్కనే ఉన్న మడుగు ఒడ్డున జమ్ముగడ్డి అంతా పీకించి తనకొక స్నానఘట్టం కట్టించుకోవాలట. ఆ జమ్ములో నీటికోళ్లు గూళ్లు పెట్టుకుని గుడ్లు పొదుగుతున్నాయి. వాటి పెద్ద చిత్తమ్మ కంటకవేణి దగ్గరకు వచ్చింది.

"అమ్మా, జమ్ము పోతే దాక్కోవడానికి చోటుండదు. మా పిల్లలందరూ గద్దల పాలవుతారు" అని ఏడ్చింది.

కంటకవేణి రాజును కూడా పిలిపించి, ఇద్దరి మాటా విని, పౌర్ణమినాడు తీర్పు చెబుతానంది. ఆ తీర్పు ఎటు పోతుందో రాజుకు తెలిసిపోయింది.

మొదట హుకుం జారీ చేశాడు. "రేపటి నుంచి నువ్వు రానక్కర్లేదు."

"నన్ను పెట్టింది మీరు కాదు ప్రభూ, తీయడమూ మీ ఒక్కరి వల్ల కాదు" అంది ఆమె ఆవలిస్తూ. పాపం, ముళ్లపందులు పగలు మేలుకునే జాతి కాదు. అయినా ఏళ్ల తరబడి పగలంతా కూర్చుని అందరి తగవులూ వింటోంది.

రెండోసారి బుజ్జగింపు. తన మంత్రి అయిన తొండను పంపాడు. తల ఊపడం తప్ప మరో పని రాదు కాబట్టే తొండకు ఆ పదవి దక్కింది.

"ఎందుకమ్మా ఈ వయసులో ఈ అవస్థ? మీ అంతట మీరే తప్పుకోండి. కొండవాలున దుంపల తోట మీకిస్తారు" అంది తొండ.

దాచడమెందుకు పిల్లలూ, కంటకవేణికి ఒప్పుకోవాలనే అనిపించింది. నడుము పట్టేసింది, చూపు తగ్గింది, తిట్లు తినీ తినీ ప్రాణం విసిగిపోయింది. చివరకు "పౌర్ణమి వెళ్లాక వచ్చి అడుగు నాయనా" అంది.

"పౌర్ణమి వెళ్లాక మీతో మాకేం పని?" అని తొండ నోరు జారింది.

మూడోసారి నేరం మోపారు. విచారణ మధ్యలో ఆమె నిద్రపోయిందట. విచారించిన ముగ్గురిలో ఇద్దరు రాజు మొహం చూసి, తప్పు తేలిందన్నారు. పౌర్ణమికి ముందురోజు పొద్దున్నే వాగు ఒడ్డున సభ పెట్టారు.

"నిజమేనా?" అని రాజు గద్దించాడు.

"నిజమే. నిరుడు మొరటయ్య తగవులో ఒకసారి కళ్లు మూతపడ్డాయి. అంతకుమించి చెప్పుకునే ఓపిక నాకు లేదు" అంది కంటకవేణి.

భయం ఉన్నవారు ముందు దిగారు. కుందేళ్లు, జింకలు, దుప్పులు. ఆశ ఉన్నవారు వారి వెనక దిగారు. యాభై ఒక్క కుటుంబాలు దాటాయి. ఇవతల అడవిపందులవి తొమ్మిది కుటుంబాలు కదలడానికి సిద్ధంగా ఉన్నాయి. వాటి పెద్దే మొరటయ్య. నిరుటి తగవులో అతడు ఓడిపోయాడు. అతడు పొర్లే బురదగుంట అడవిదున్నలకు పోయింది. ఇక ఇతడు ఆగుతాడా అని రాజు మీసం దువ్వుకున్నాడు.

మొరటయ్య దిగాడు. వాగు మధ్యదాకా వెళ్లి ఆగాడు. జమ్ములోంచి చిత్తమ్మ మెడ చాచి చూస్తోంది.

"ప్రభూ, ఈవిడ మీద నాకు కోపం పోలేదు. ఆ గుంట నాదేనని ఇప్పటికీ అంటాను" అన్నాడు మొరటయ్య. "కానీ ఆ రోజు కళ్లు తెరవగానే ఈవిడేమందో తెలుసా? 'నాయనా, కునుకు పట్టింది, తప్పు నాది, మొదటి నుంచి చెప్పు' అంది. అంతా మళ్లీ చెప్పాను. ఒక్క మాట వదలకుండా వింది. విని మరీ ఓడించింది. నా దగ్గర సాక్ష్యం లేదు, ఓడాను. ఈవిడ కునుక్కీ దానికీ సంబంధం లేదు. ఇవాళ మీ కోపానికి ఈవిడ్ని దింపితే, రేపు మీరు చెప్పినట్టు ఆడేవాడొస్తాడు. అప్పుడు మీతోనే నాకు తగవొస్తే ఎవరి కాళ్లు పట్టుకోను?"

అని వెనక్కి తిరిగి ఒడ్డెక్కాడు. మిగతా పందులూ ఒడ్డు దిగలేదు. అవతల నిలబడినవారు తలలు దించుకున్నారు. తొమ్మిది కుటుంబాలు తక్కువయ్యాయి. కంటకవేణి పీట మీదే ఉంది.

మర్నాడు ఆమె తీర్పు చెప్పింది. జమ్ములో ఒక్క పోచ కూడా పీకరాదంది. రాజు పళ్లు కొరికాడు, కానీ ఊరుకున్నాడు.

చిత్తమ్మ పరుగున వెళ్లి మొరటయ్యకు దండం పెట్టింది. "మా పిల్లల్ని కాపాడావు అన్నా!"

"మీ కోసం కాదులే అమ్మా, నా కోసమే. నాకింకా తగవులున్నాయి" అని గొణిగి, అతడు తన దారిన పోయాడు.

రాజు ఇంకా బతికే ఉన్నాడు. వచ్చే వేసవికి మరో ముచ్చట పుడుతుంది, నాకు తెలుసు. అందుకే అలసిపోయినా ఈ కథ మళ్లీ చెబుతున్నాను. తీర్పు నచ్చలేదని న్యాయమూర్తిని దింపే రాజ్యంలో, గెలిచినవాడికి కూడా న్యాయం దక్కదు.